చెలిమె చల్లన, బండసందు చల్లన

మే నెల మధ్య. పొద్దు నడినెత్తికి రాకముందే ధర్మపురి గోదావరి ఇసుక పెనంలా కాగిపోయింది. మెట్లు దిగి పాయ దాకా నడుస్తుంటే చెప్పులున్నా అరికాళ్లు చురుక్కుమంటున్నాయి. అక్కడ ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడుతున్నాడు. పైపొర తెల్లగా, పొడిగా జారిపోతోంది. జానెడు లోతున ఇసుక రంగు మారింది. మూరెడు లోతున చేతికి తడి తగిలింది. ఇంకో నాలుగు దోసిళ్లు తోడి ఊరుకుంటే గుంట అడుగున నీళ్లు ఊరాయి. మొదట బురదగా, కాసేపటికి తేటగా. చెలిమె.

"గీ ఇసుక మీద మక్కలు పోస్తే పేలాలైతయి. మూరెడు కిందికి చూడు తమ్మీ, రంజన్ల నీళ్ల లెక్కనే" అన్నాడాయన. కోరుట్ల దగ్గరి ఊరు. పన్నెండేళ్లు ఒమన్‌లో రోడ్డు పని చేసి వచ్చాడట. దోసిలితో నీళ్లు ముఖం మీద చల్లుకుని మళ్లీ అందుకున్నాడు. "మస్కట్ దిక్కు గుట్టలల్ల గిట్లనే ఉంటది. పైన బండ మీద చెయ్యి పెడితే బొబ్బ లేస్తది. రెండు బండల నడుమ సందుల దిగినమంటే కూలర్ ముందట కూసున్నట్టే. కని అండ్ల కూసోనియ్యకపోదురు."

"ఎందుకన్నా?"

"వాది వస్తది."

వాది అంటే అరబ్బీలో వాగు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే కొండవాగు. ఆయన నోట ఆ మాట వరదకు కూడా వర్తిస్తోంది. మనం "వాగొచ్చింది" అంటే నీళ్లొచ్చాయని అర్థమైనట్టే.

ఎడారి కొండల్లో ఉండే ఇలాంటి సందుల్ని భూగర్భ శాస్త్రంలో స్లాట్ కాన్యన్ అంటారు. మన మాటలో చెప్పాలంటే బండసందు. వెడల్పు ఒక మనిషి పట్టేంత, లోతు తాటిచెట్టు ఎత్తుకు రెండు మూడింతలు. పైన 45 డిగ్రీల ఎండ కాస్తుంటే అడుగున చల్లగా ఉంటుంది. వాన చుక్క పడకుండానే ఒక్కోసారి అడుగంతా నీళ్లతో నిండిపోతుంది. కోరుట్ల అన్న చెప్పిన ఈ రెండు ముక్కలకూ కారణం ఒకటే. రాయి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. నీళ్లనైతే అసలే రానివ్వదు.

వేడికి కూడా నడక ఉంటుంది

ఊళ్లో ఇల్లు అంటుకున్నప్పుడు బావి నుంచి ఇంటి దాకా జనం వరుసగా నిలబడి బిందెలు అందించుకుంటారు. రాతిలో వేడి ప్రయాణం అలాంటిదే. పైనున్న కణం కాగి పక్కదానికి, అది ఆ కిందదానికి. ఇనుములో ఆ వరుస చకచకా కదులుతుంది. రాతిలో మందకొడిగా సాగుతుంది. ఇసుకలో అయితే రేణువుకూ రేణువుకూ మధ్య గాలి ఉంటుంది కాబట్టి బిందె అందించేవాళ్లు దూరదూరంగా నిలబడ్డట్టు. ఎండిన ఇసుక ఒక రకంగా బొంతే. పైన ఎంత కాగినా కింద పడుకున్నదానికి సోకనివ్వదు.

పొద్దున మొదలైన వేడి రాయిలో జానెడు లోతుకు దిగేసరికి సాయంత్రమవుతుంది. అప్పటికి పైన చల్లబడడం మొదలవుతుంది. లోపలికి పోవలసిన వేడి వెనక్కి తిరుగుతుంది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి. రోజూ ఇదే ఆట. అందుకే పగటికీ రాత్రికీ పైన ఉండే తేడా, గట్టి రాయిలో అర మీటరు లోతుకు చేరేసరికి ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. ఎండిన ఇసుకలో ఆపాటి లోతు కూడా అక్కర్లేదు, బెత్తెడు దిగితే సగం పోతుంది. చెలిమె నీళ్ల రహస్యం ఇదే.

రోజు తేడా ఇంత లోతుకే ఆగితే, ఎండాకాలం చలికాలం తేడా ఎంత లోతుకు పోతుంది? రోజు కన్నా ఏడాది చాలా పెద్దది కాబట్టి అది కొంచెం ఎక్కువ దూరం నడుస్తుంది. అయినా పది మీటర్లు దిగేసరికి దాదాపు ఆరిపోతుంది. అక్కడ మే నెలా డిసెంబరూ ఒకటే. ఆ చోటికి ఏడాది పొడుగునా ఉండే సగటు వేడి తప్ప మరేమీ తెలియదు. మన దిక్కు అది ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంటుంది. మోటబావి నీళ్లు ఎండాకాలం చల్లగా, చలికాలం పొద్దున పొగలు కక్కుతూ గోరువెచ్చగా ఉంటాయని మన పెద్దలు ఆశ్చర్యపోయేవాళ్లు. నీళ్లు మారలేదు. వాటిని తాకే మన చెయ్యి మారింది.

బండసందు గోడలకు ఈ గుణం ఉంది. వెనక కొండంత రాయి, దానికి నిరుటి చలీ ఈ ఏటి ఎండా కలిసి ఇచ్చిన సగటు వేడి. ముందు నుంచి ఎండ తగిలితేనే కాగాలి. ఆ ఎండ ఎంతసేపు తగులుతుందన్నది అసలు లెక్క.

> నీడ లేని రోజు
>
> ధర్మపురి దాదాపు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 15, 16 తేదీల ప్రాంతంలో, మళ్లీ జూలై ఆఖరి వారంలో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఇప్పుడు ఇక్కడ ఒక మీటరు వెడల్పు, ఇరవై మీటర్ల లోతు ఉన్న సందు ఉత్తరం నుంచి దక్షిణానికి ఉందనుకుందాం. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఆ సందు అడుగుకు కిరణం చేరాలంటే నడినెత్తికి అటు మూడు డిగ్రీలు, ఇటు మూడు డిగ్రీల లోపే ఉండాలి. అంటే నేరుగా ఎండ తగిలేది ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. మిగతా పగలంతా నీడే.
>
> అదే సందు తూర్పు పడమరలుగా ఉంటే ఆ రోజు లెక్క తారుమారవుతుంది. మధ్యాహ్నం కొన్ని గంటలు సూర్యుడు సందు పొడుగునా పైనే నడుస్తాడు, అంతసేపూ నీడ దొరకదు. దిక్కు మారితే వేసవి మారిపోతుంది.

నీడకు తోడు ఇంకొకటి ఉంది. చల్లగాలి బరువైనది. రాత్రి చల్లబడిన గాలి నీళ్లలా జారి సందు అడుగున నిలుస్తుంది. పగలు పైన వడగాలి వీస్తున్నా అది తేలిక కాబట్టి సందు మీద నుంచి దాటిపోతుంది తప్ప లోపలికి దిగదు. అడుగున ఎక్కడైనా నిరుటి నీళ్ల మడుగు మిగిలిందా, అది ఆవిరవుతూ ఇంకాస్త చల్లబరుస్తుంది. మట్టి రంజన్ చేసే పనే.

అన్ని లోయలూ చల్లన కావు

ఇక్కడ చాలామంది పొరబడతారు. లోయ అంటే చల్లన అనుకుని వెడల్పాటి లోయలోకి దిగి వడదెబ్బ తింటారు. అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌లో జూలై మధ్యాహ్నం పైఅంచున 30 డిగ్రీల లోపే ఉంటే, కొలరాడో నది పారే అడుగున 40 దాటుతుంది. అక్కడ అడుగుకూ అంచుకూ కిలోమీటరు పైగా ఎత్తు తేడా. కిందికి దిగే గాలి మీద పైగాలి బరువు పడి నొక్కుకుపోతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొడుతుంటే గొట్టం వేడెక్కుతుందే, అదే. కిలోమీటరు దిగితే దాదాపు పది డిగ్రీలు. పైగా లోయ వెడల్పు కాబట్టి ఎండకు అడ్డు లేదు.

మనకు తెలిసిన గండికోట ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుని పారే చోటు. లోతు దాదాపు 300 అడుగులు, వెడల్పూ దాదాపు అంతే. 300 అడుగులు దిగితే గాలి నొక్కుడు వల్ల పెరిగేది ఒక్క డిగ్రీ. దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ వెడల్పు లోతుతో సమానం కాబట్టి మధ్యాహ్నం కొన్ని గంటలు ఎర్ర బండలు ఎండకు నేరుగా కాగుతాయి. సాయంత్రం అవి ఆ వేడిని తిరిగి కక్కుతాయి. మే నెలలో గండికోటకు పోయినవాళ్లు సూర్యాస్తమయం చూడ్డానికి అంచున కూర్చుంటే కింద నుంచి సెగ తగులుతుంది.

రాత్రికి మాత్రం ఆరుబయటి బండ కన్నా సందు గోడే వెచ్చన. ఆరుబయట బండ తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది. సందులో గోడకు ఎదురుగా ఆకాశం లేదు, ఇంకో గోడ ఉంది. ఇది వదిలిన వేడిని అది పట్టుకుంటుంది, అది వదిలినదాన్ని ఇది. దీనికోసం ఎడారికి పోనక్కర్లేదు. జగిత్యాలలో, సిరిసిల్లలో రెండు వైపులా సిమెంటు మేడలు లేచిన ఏ గల్లీలోనైనా ఏప్రిల్ రాత్రి పదకొండింటికి గోడకు చెయ్యి ఆనించి చూడండి. వాతావరణ శాస్త్రవేత్తలు ఇలాంటి వీధికి లోయ అనే పేరు పెట్టారు. ఎండాకాలం ఎక్కువ వేడి నమోదైన ఊళ్ల జాబితా పత్రికల్లో వచ్చినప్పుడల్లా ధర్మపురి మండలంలోని జైన పేరు తరచూ కనిపిస్తుంది. అయితే ఆ అంకె నీడలో, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉన్న గాలిది. నేల వేడి, గోడ వేడి అందులో లేవు. మనం నడిచేది వాటి మీదే, పడుకునేది వాటి మధ్యనే.

రోలు తొలిచినట్టు

చల్లదనం సంగతి తేలింది. అసలు కొండకు ఆ సందు ఎలా పడింది?

తెలుగులో గండి అనే మంచి మాట ఉంది. చెరువు కట్ట తెగితే గండి పడిందంటాం. కొండ తెగినా గండే. గండికోట పేరులో ఉన్నది అదే. పాపఘ్ని నది కొండల్ని కోసుకుని బయటపడే చోట ఉన్న క్షేత్రం పేరూ గండే. చెరువు కట్టకు గండి ఒక్క రాత్రిలో పడుతుంది. కొండకు లక్షల ఏళ్లు పడుతుంది. పనిముట్టు రెండింటికీ నీళ్లే.

అయితే వట్టి నీళ్లు రాయిని అంతగా అరగదీయలేవు. నీళ్లు మోసుకొచ్చే ఇసుకా గులకరాళ్లూ అరగదీస్తాయి. వాగు అడుగు బండలో చిన్న గుంట ఉందనుకోండి. వరద వచ్చినప్పుడు నీళ్లు అక్కడ సుడి తిరుగుతాయి. సుడిలో చిక్కిన గులకరాయి గిరగిరా తిరుగుతూ గుంటను లోతు చేస్తుంది. ఆ రాయి అరిగిపోతే ఇంకోటి వచ్చి పడుతుంది. ఏళ్ల తరబడి పొత్రం తిప్పిన రోలులా బండలో నున్నటి గుండం తయారవుతుంది. ధర్మపురి యాత్రికులకు గోదావరిలో బ్రహ్మ గుండం, యమ గుండం, సత్యవతి గుండం అన్న పేర్లు తెలుసు. వాటి పురాణం వేరే సంగతి. రాతిలో గుండం పడే తీరు చూడాలంటే మహారాష్ట్రలో నిఘోజ్ దగ్గర కుకడీ నదికి పోవాలి. నల్లరాతి నేలంతా వందల రోళ్లు తొలిచినట్టు ఉంటుంది. పక్కపక్కన ఉన్న రెండు రోళ్ల మధ్య గోడ అరిగి కూలితే రెండూ కలిసిపోతాయి. అలా వరుసగా కలుస్తూ పోతే వంకర్లు తిరిగిన సందు ఏర్పడుతుంది. స్లాట్ కాన్యన్ గోడలు చీర కుచ్చెళ్లలా మెలికలు తిరిగి ఉండడానికి ఇదొక కారణం. ప్రతి మెలికా ఒకప్పటి సుడే.

ప్రపంచంలో ఎక్కువమంది ఫొటోల్లో చూసిన సందు అమెరికాలో ఆరిజోనా రాష్ట్రం పేజ్ పట్టణం దగ్గరి యాంటిలోప్ కాన్యన్. అక్కడికి వెళ్లే మన పిల్లలు ఇళ్లకు పంపే ఫొటోల్లో నారింజ రంగు రాతి అలలు, పై నుంచి దిగే వెలుగు స్తంభం ఉంటాయి. ఆ నేల నవాహో ఆదివాసులది. వాళ్ల భాషలో దాని పేరుకు నీళ్లు రాళ్ల మధ్య నుంచి పారే చోటు అని అర్థం. ఆ రాయి సుమారు 19 కోట్ల ఏళ్ల కిందటి ఎడారి ఇసుక తిన్నె. గట్టిపడి ఇసుకరాయి అయింది. రేణువులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉన్న రాయి కాబట్టి పగుళ్ల వెంట దిమ్మెలుగా ఊడిపోకుండా సబ్బుబిళ్లలా సమంగా అరుగుతుంది.

మరి మన గోదావరి ధర్మపురి దగ్గర సందు ఎందుకు కోయలేదు? నీళ్లకేం తక్కువ? త్ర్యంబకంలో పుట్టిన నది 1,465 కిలోమీటర్ల ప్రయాణంలో సగం దాటి ఇక్కడికి వస్తుంది. అసలు తక్కువైంది ఎండుదనం. ఇది కొంచెం తిరకాసుగా వినిపిస్తుంది కానీ నిజం. లోయ లోతు కావడం నది పని, వెడల్పు కావడం వాన పని. మన దగ్గర ఏటా వెయ్యి మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. ఆ వానా, చెట్ల వేళ్లూ, రాతిని కుళ్లబెట్టి మట్టి చేసే తేమా కలిసి ఒడ్డుల్ని నిరంతరం కూలుస్తూ ఉంటాయి. నది ఒక అడుగు లోతుకు తవ్వేలోపు ఒడ్డు పది అడుగులు వెనక్కి జరుగుతుంది. పేజ్‌లో ఏడాదంతా కలిపి 20 సెంటీమీటర్ల వాన కూడా పడదు. గోడల్ని కూల్చేవాళ్లు లేరు. ఎప్పుడో ఒకసారి వచ్చే వరద మాత్రం అడుగును కోసుకుంటూ పోతుంది. దానికి తోడు అక్కడి నేల మొత్తం కోట్ల ఏళ్లలో పైకి లేచింది. వాలు పెరిగింది, నీళ్ల రంపానికి పదును పెరిగింది. మన మైదానంలో గోదావరికి అంత వాలు లేదు. ఇక్కడ నింపాదిగా పరుచుకుని దక్షిణానికి తిరుగుతుంది. ఇదే నది కిందికి పోయి పాపికొండల్లో గట్టి రాళ్ల మధ్య కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. జుట్టు మధ్య పాపిడి తీసినట్టుందనే కదా ఆ పేరు.

మనకు దగ్గర్లో అచ్చమైన బండసందు చూడాలంటే అదీ మహారాష్ట్రలోనే ఉంది. గోదావరి ఉపనది ప్రవర మీద కట్టిన భండార్‌దరా జలాశయానికి దగ్గర్లో, సమ్రద్ ఊరి పక్కన సాంధణ్ లోయ. నల్లరాతి పగులు వెంట నీళ్లు కోసిన సందు. చాలా చోట్ల అడుగుకు ఎండ తగలదు. కొన్నిచోట్ల ఎండాకాలం కూడా మోకాటి లోతు చల్లనీళ్లలో నడవాలి. వానాకాలం అందులోకి ఎవరూ దిగరు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

బండ తాగదు

చెలిమె దగ్గర ఇంకోసారి ఆగుదాం. అక్కడ నీళ్లు దొరికాయంటే ఇసుక తాగి దాచుకుంది కాబట్టి. మన చెరువు శిఖం, పొలం మట్టి, అడవి నేల అన్నీ ఎంతో కొంత తాగుతాయి. వాన పడ్డాక వాగు రావడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఎడారి కొండ బండ తాగదు. దాని మీద ఎండి గట్టిపడిన మన్నూ మొదట్లో అంతగా తాగదు. పడిన నీళ్లు పడినట్టే జారతాయి.

ఒక చదరపు కిలోమీటరు బండ మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే కోటి లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యి. అవన్నీ ఒకేసారి వాల్వు తిప్పినట్టు ఒక సందు మూతి దగ్గరికి చేరతాయి. వంద మీటర్ల వెడల్పున పిక్కల పైదాకా, అంటే అర మీటరు లోతున పారే నీళ్లు రెండు మీటర్ల సందులోకి అదే వేగంతో దూరాలంటే 25 మీటర్ల ఎత్తు లేవాలి. నిజానికి వేగం పెరుగుతుంది కాబట్టి అంత ఎత్తు లేవవు. మనిషికి ఆ తేడా వల్ల ఒరిగేదేమీ లేదు. వేగం రెండింతలైతే నీళ్ల తోపు నాలుగింతలవుతుంది. దొర్లించగల రాయి బరువైతే అరవై నాలుగింతలని ఇంజినీర్ల పాత లెక్క. దుంగలు, బండరాళ్లు, బురద కలిసి వస్తాయి. ఈదడం అన్న మాటకు అక్కడ అర్థం లేదు.

1997 ఆగస్టు 12న దిగువ యాంటిలోప్ కాన్యన్‌లో జరిగింది ఇదే. సందు దగ్గర చెప్పుకోదగ్గ వాన లేదు. ఎగువన కొన్ని మైళ్ల దూరంలో ఉరుముల వాన కురిసింది. ఆ నీళ్లు గోడలా వచ్చి పన్నెండు మందిని తుడిచిపెట్టాయి. పదకొండు మంది యాత్రికులు చనిపోయారు, గైడు ఒక్కడే బతికాడు. అప్పటిదాకా ఉన్న చెక్క నిచ్చెనల స్థానంలో ఆ తర్వాత రాతికి బిగించిన ఇనుప మెట్లు వచ్చాయి.

ఎగువన వాన, దిగువన చావు. ఇది ఎడారి సొత్తు కూడా కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటి వాన పడింది. ఆ నీళ్లు మానేరు వెంట దిగడంతో సిరిసిల్ల జిల్లా గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర ఎగువ మానేరు పొంగి, వాగుకు అవతల ఉన్న రైతులు చిక్కుకుపోయారు. మర్నాడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి వాళ్లను తీసుకొచ్చాయి. 2022 జూలైలో ఎగువనున్న కడెం ప్రాజెక్టుకు గేట్ల సామర్థ్యాన్ని మించి వరద వచ్చినప్పుడు ధర్మపురి జనం ఎంత భయంతో ఎదురుచూశారో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అప్పుడు మనకు కొన్ని గంటల వ్యవధి దొరికింది. బండసందులో అది నిమిషాల్లోకి వస్తుంది.

గల్ఫ్ సంగతీ అంతే. 2024 ఏప్రిల్ 14న ఒమన్‌లో వరద వాగులో వాహనం కొట్టుకుపోయి బడిపిల్లలు చనిపోయారు. రెండు రోజులకు ఎమిరేట్స్‌లో అల్ ఐన్ ప్రాంతంలో ఒక చోట 24 గంటల లోపే 254 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచి ఆ దేశంలో అదే ఎక్కువ. అంతకు ముందే, 2023లో, ఆ దేశం ఒక నియమం తెచ్చింది. వరద పారుతున్న వాదిలోకి బండి దింపితే 2,000 దిర్హాముల జరిమానా, 23 నల్ల పాయింట్లు, 60 రోజులు బండి జప్తు. ప్రమాదం ఎంత తక్కువగా కనిపించినా సరే. కోరుట్ల అన్నను మేస్త్రీలు సందులో కూర్చోనివ్వలేదంటే విసుగుతో కాదు.

చెమట చేసే పని

వరద ఎప్పుడో గాని రాదు. ఎండ రోజూ ఉంటుంది. సందు దాకా నడిచిపోయే దారిలో, తిరిగొచ్చే దారిలో మనిషిని పడగొట్టేది ఎక్కువగా అదే.

మన ఒంటి వేడి 37 డిగ్రీలు. గాలి 45 ఉంటే ఆ గాలి మనల్ని చల్లబరచదు, కాలుస్తుంది. అప్పుడు ఒంటికి మిగిలిన దారి చెమట ఒక్కటే.

> ఒక లీటరు చెమట
>
> లీటరు చెమట ఒంటి మీదే పూర్తిగా ఆవిరైతే, ఎనిమిది లీటర్ల నీళ్లను పొయ్యి మీద మరిగే దశకు తెచ్చేంత వేడిని తీసుకుపోతుంది. ఎండలో నడిచే మనిషికి గంటకు లీటరు పోవడం మామూలే. కానీ చెమట బొట్లుగా కారి నేల మీద పడితే ఆ పని జరగదు. ఆరితేనే జరుగుతుంది. పొడి వడగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, ఎందుకంటే అది వెంటవెంటనే ఆరిపోతోంది. దాహం వేసేలోపే నీళ్లు తగ్గిపోతాయి. గాలాడని, మడుగు తేమ ఉన్న సందులో చెమట కారుతుంది గాని ఆరదు. అక్కడ థర్మామీటరు తక్కువ చూపినా, కష్టపడి ఎక్కుతున్న మనిషికి ఉడుకు తగ్గదు.

చెమటతో ఉప్పు కూడా పోతుంది. వట్టి నీళ్లు కడుపు నిండా తాగి తల తిరిగిందనేవాళ్లకు కారణం చాలాసార్లు ఇదే. ఉప్పేసిన పలచని మజ్జిగ, అంబలి, ఓఆర్‌ఎస్ ఏదైనా సరే. మాట తడబడుతున్నా, తిక్కతిక్కగా ప్రవర్తిస్తున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. ఒంటి మీద చెమట ఉన్నా అదే. వెంటనే 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

లోయల్లో ఇంకో మోసం ఉంది. గుట్ట ఎక్కేటప్పుడు అలసిపోతే వెనక్కి తిరిగి దిగొచ్చు. లోయలో ముందు దిగుడు, అదీ పొద్దున చల్లటి పూట. తర్వాత ఎక్కుడు, అదీ నడి మధ్యాహ్నం, సీసాలో నీళ్లు అయిపోయాక. గల్ఫ్ దేశాల్లో ఎండాకాలం ఆరుబయటి పనికి మధ్యాహ్నం విరామం చట్టంగా పెట్టారు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు పని చేయించకూడదు. డబ్బిచ్చి పని చేయించుకునేవాళ్లకే ఆ నియమం ఉన్నప్పుడు, సరదాకు నడిచేవాళ్లకు అంతకన్నా గట్టి నియమం ఉండాలని నా అభిప్రాయం.

నేను చెలిమె నీళ్లతో సీసా నింపుకుని మెట్లెక్కేసరికి పన్నెండు దాటింది. గుడి గోడ నీడ కాళ్ల కిందికి కుంచించుకుపోయింది. కోరుట్ల అన్న ఇంకా ఇసుకలోనే ఉన్నాడు, నెత్తిన తడి తువ్వాలతో.

గండికోటకో సాంధణ్‌కో, మస్కట్ కొండలకో ఆరిజోనాకో పోయేవాళ్లకు ఒక మాట. సందులోకి దిగే ముందు మీ నెత్తిమీది ఆకాశాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. ఆ వాగు ఎక్కడ పుడుతుందో ముందే తెలుసుకోండి. ఎగువ ఊళ్లో తెలిసినవాళ్లుంటే ఫోన్ చేసి, అక్కడ మబ్బు పట్టిందా అని అడగండి. పట్టిందంటే దిగకండి.